మేకులమ్మ సైకిలెక్కింది

తరూదాంత్,
4 అక్టోబరు 2016

ఒరేయ్ బెలాయిద్,

నీకు సలాం. చెవులకి కాకపోయినా కళ్ళకైనా అందుతుందని రాస్తున్నాను. మొన్న ఫోన్ చేస్తే నేను చెప్పింది వాడంతా విన్నది, నువ్వు తప్ప. పక్కింటి కెల్తూమ్ పరుగెత్తుకొచ్చి "ఏమైంది ఇజ్జక్కా, ఎవరైనా పోయారా?" అంది. ఇన్నేళ్ళు పడవ ఇంజన్ల పక్కన నిలబడితే చెవులెక్కడ మిగులుతాయిలే. ఇక మన మధ్య ఉత్తరాలే. మనూరి బీహి చేపల లారీ ఎటూ మీ దాఖ్లా రేవుకీ ఇక్కడికీ తిరుగుతూనే ఉంటుంది. వాడి చేతికిస్తాను.

బక్రీదుకి నువ్వు రాలేదు. పోయినేడూ రాలేదు. నీ వాటా మాంసం ఉప్పేసి ఎండబెట్టి దాచాను. ఎలుకలకి తెలిసేలోగా వచ్చి తిను. నీ భార్య తూదా "ఎందుకు రాలేదు వదినా" అని ఒక్కసారైనా అడగలేదు. అడిగితే నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. అడగకపోవడమే నాకు భయంగా ఉంది.

ఇక నా సంగతి. బడి నుంచి రిటైరయ్యాక ఇంట్లో గోడలకి పాఠాలు చెప్పుకోలేక, ఆడవాళ్ళకి సైకిల్ నేర్పడం మొదలుపెట్టాను. నవ్వకు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి నడక తర్వాత సైకిలే. మరి కొండల మీది నుంచి కోడళ్ళుగా దిగివచ్చినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకి గాడిద తప్ప ఇంకోటి ఎక్కడం రాదు. మందులషాపుకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరి దయ కోసం గుమ్మంలో నిలబడాలి. వాడ సంఘం వాళ్ళు పాత సైకిళ్ళు కొన్ని ఇచ్చారు. సంత లేని రోజుల్లో బాబ్ ఎల్ ఖమీస్ దర్వాజా బయట మైదానం ఖాళీగానే ఉంటుంది కదా. సాయంత్రం అసర్ నమాజయ్యాక కోట గోడ నీడలో అక్కడ నేర్పుతున్నాను. జీతం లేదు. టీ మాత్రం దొరుకుతుంది.

నా శిష్యురాళ్ళలో ఒకావిడ ఉంది. పేరు చెప్పనులే, సిగ్గుపడుతుంది. సీటు మీద కూర్చుంటుంది, హ్యాండిల్ పట్టుకుంటుంది, అంతే. పాదాలు నేలకి మేకులు కొట్టి బిగించినట్టు ఉంటాయి. "ఎత్తమ్మా" అంటే "ఎత్తాను కదా" అంటుంది. బొటనవేలు కూడా కదిలి ఉండదు. అందరూ కలిసి మేకులమ్మ అని పేరు పెట్టారు. ఆమె కూడా నవ్వుతుంది, కానీ రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చునేది ఆమే. నువ్వు మెకానిక్‌వి కదా, ఆ మేకులు ఊడగొట్టే ఉపాయం ఏదైనా ఉంటే రాయి.

కొవ్వు తగ్గించు, టీలో పంచదార తగ్గించు.

నీ అక్క,
ఇజ్జా


దాఖ్లా,
20 అక్టోబరు 2016

అక్కకి,

నీ ఉత్తరం మీద బీహి చేపల నీళ్ళు ఒలకబోశాడు. జేబులో పెట్టుకుంటే రేవులో పిల్లులన్నీ నా వెంట పడ్డాయి. మూడుసార్లు చదివి వాటికే ఇచ్చేద్దామనుకున్నాను కానీ మాంసం సంగతి ఉందని దాచుకున్నాను.

ఫోన్లో మెసేజ్‌లు పంపమంటావేమో, పంపను. ఆ చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా పాకుతాయి. కాగితమే నయం, కదలకుండా ఉంటుంది.

మేకులకి మందు చెప్తాను, రాసుకో. సైకిల్‌కి రెండు పెడళ్ళూ ఊడదీసెయ్యి. ఎడమ పక్కదాని మర తిరగేసి ఉంటుంది, బడిపంతులమ్మ బలమంతా పెట్టి తప్పువైపు తిప్పకు. సీటు బాగా దింపు. కొంచెం వాలుగా ఉన్నచోట ఆమెని కూర్చోబెట్టి, హ్యాండిల్ నువ్వు ముట్టుకోకుండా వదిలెయ్. పెడళ్ళు లేకపోతే పాదాలు ఎక్కడ పెట్టాలో తెలియక వాటంతట అవే గాల్లోకి లేస్తాయి. అప్పటికీ లేవకపోతే ఇంటికెళ్ళి రొట్టెలు కాల్చుకోమను. కొందరు గాడిదల కోసమే పుడతారు. పాపం గాడిదలూ బతకాలిగా.

పండక్కి రాకపోవడానికి కారణం పని. అంతకంటే ఏమీ లేదు. పడవలు వరసగా బాగుచేతకి వచ్చాయి. తూదాకి అదే చెప్పు. ఈ ఉత్తరం కూడా చదివి వినిపించు, ఆమె పేరు పెట్టి నాలుగు మంచిమాటలు నువ్వే చేర్చు. నాకు అవి రాయడం చేతకాదని నీకు తెలుసు.

బెలాయిద్


తరూదాంత్,
7 నవంబరు 2016

నా ముద్దుల మెకానిక్కి,

ముందు శుభవార్త. మేకులు ఊడాయి! పెడళ్ళు తీసేసి బస్టాండు పక్క వాలులో వదిలాను. మొదటిరోజు కోడిపెట్టలా రెక్కలాడించింది. మూడోరోజు పాదాలు రెండూ లేచాయి. వాలు చివరిదాకా జారిపోయి, అక్కడ మట్టికుప్పలో ఆగి, వెనక్కి తిరిగి "వదిలేశావా? ఎప్పుడు వదిలేశావు?" అని అరిచింది. అసలు పట్టుకుంటే కదా వదలడానికి!

నీ ఉత్తరం తూదాకి చదివాను. మేకులమ్మని రొట్టెలు కాల్చుకోమన్న చోటికి వచ్చేసరికి తూదా చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. పొయ్యి మీద రొట్టె నల్లగా మాడింది. నేను చేర్చాలనుకున్న నాలుగు మంచిమాటలూ అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు చెడ్డవార్త, కంగారుపడకు. ఐత్ యాజ్జా దారిలోని నారింజల షెడ్డుకి ఆడకూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ అల్లాల్ నీకు తెలుసుగా. వాడి పికప్‌లో గొర్రెల్ని ఎక్కించినా అంతమందిని ఎక్కించరు. గురువారం పొద్దున కాలవ మలుపులో అది పక్కకి ఒరిగి పడిపోయింది. కెల్తూమ్ చెయ్యి విరిగింది. మిగతావాళ్ళకి గీతలు. తూదా కూడా ఆ బండిలోనే ఉంది. ఏమీ కాలేదు, మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. మర్నాడే మళ్ళీ పనికెళ్ళింది, ఆ బండిలోనే.

ఆ మర్నాటి సాయంత్రం మైదానానికి వెళ్తే నాకోసం ఎప్పుడూ లేనంతమంది కాచుకుని ఉన్నారు. అందరూ షెడ్డు కూలీలే. కెల్తూమ్ కట్టుకట్టిన చెయ్యితో వచ్చి "నేను ఇప్పుడు నేర్చుకోలేను, కానీ చూస్తాను" అని గోడకానుకుని కూర్చుంది. మైదానంలో గుండ్రంగా తిరగడం వేరు, లారీలు తిరిగే రోడ్డు మీద షెడ్డుదాకా వెళ్ళడం వేరు. ఈ బాధ్యత నాకు బరువుగా ఉంది రా. ఒకరికి ఏమైనా అయితే?

ఏమైనా చెప్పు. నీ మాట నాకు ధైర్యం.

ఇజ్జా


దాఖ్లా,
19 నవంబరు 2016

అక్కా,

తూదా ఆ బండిలో ఉందని చదివాక ఉత్తరం పక్కన పెట్టి కాసేపు బయట కూర్చున్నాను. వెంటనే పని మాన్పించు. నారింజలు కుళ్ళిపోతే కుళ్ళిపోనీ.

నిన్న బీహి ఇంకో మాట చెప్పాడు. వాడికి మనసులో ఏమీ ఉండదు, నోట్లో ఏమీ ఆగదు. "నీ భార్యని బస్టాండు దగ్గర చూశా అన్నా, చేతిలో మూట ఉంది. పలకరిస్తే తల తిప్పుకుంది. కిందటి వారం కూడా అక్కడే చూశా" అన్నాడు. నేను వాడి నోటి కదలిక చూసి చదువుకున్నాను. తప్పు చదివానేమోనని రాసి చూపించమన్నాను. రాశాడు. తప్పు చదవలేదు.

మూట కట్టుకుని బస్టాండుకి ఎందుకు వెళ్తోంది? పుట్టింటి బస్సు అక్కడే కదా ఆగేది. నా ఉత్తరం చదువుతుంటే మధ్యలో లేచి వెళ్ళిపోయిందన్నావు. నా మాట వినడం కూడా ఇష్టం లేదన్నమాట. నువ్వు నా అక్కవి. నా దగ్గర దాచకు. ఆమె వెళ్ళిపోతోందా?

రోడ్డు సంగతి అడిగావు. బ్రేకులు ముందు చూడు, రంగు తర్వాత. చైను బిగువుగా ఉండాలి. మీ ఆడవాళ్ళు కప్పుకునే దుప్పటి చెంగులు చైనులో పడకుండా నడుం దగ్గర దోపించు. మేకులమ్మ లాంటి భయస్తులు ముందు చక్రం వైపే చూస్తారు, అందుకే తూలుతారు. దూరంగా ఉన్న చెట్టునో గోడనో చూడమను. కన్ను ఒకచోట నిలిస్తే ఒళ్ళూ నిలుస్తుంది. ఇది నాకు బాగా తెలిసిన సంగతి.

జవాబు త్వరగా.

బెలాయిద్


తరూదాంత్,
3 డిసెంబరు 2016

బెలాయిద్‌కి,

నీ ప్రశ్నకి నేరుగా జవాబు రాయలేను. తూదా ఆ మూటతో ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. కానీ చెప్పనని ఒట్టు వేశాను. చెడ్డపని కాదు. అంతవరకే రాయగలను. నీ అక్క మాట మీద నమ్మకం ఉంచి ఊరుకో.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. నువ్వు రెండు పండగలకి రాలేదు. "పని" అన్నావు. మీ రేవులో పనిచేసే మనూరివాళ్ళంతా వచ్చారు, గొర్రెల్ని కోశారు, తిన్నారు, వెళ్ళారు. ఒక్క నీకే పడవలన్నీ ఒకేసారి చెడిపోయాయా? వాడలో ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో నీకు తెలియదు. దాఖ్లాలో నీకు ఇంకో పొయ్యి వెలుగుతోందంటున్నారు. తూదా నోటితో ఏమీ అనదు. కానీ నీ పాత చొక్కాలు ఉతికి మడతపెట్టడం మానేసింది. అలాంటిది ఏదైనా ఉంటే మగాడిలా చెప్పెయ్యి. లేకపోతే లేదని రాయి.

పని మాన్పించమన్నావు. చెప్పి చూశాను. "మానేసి ఏం చెయ్యాలి వదినా, గుమ్మం చూస్తూ కూర్చోనా?" అంది.

ఇక్కడ గొడవ ముదిరింది. మేము సైకిళ్ళ మీద షెడ్డుకి వెళ్ళాలనుకుంటున్నట్టు అల్లాల్‌కి తెలిసింది. మైదానానికి వచ్చి, బండి దిగకుండానే, "నా బండెక్కనివాళ్ళకి షెడ్డులో పని ఉండదు, ముందే చెప్తున్నా" అన్నాడు. ఇద్దరు అప్పుడే సైకిల్ గోడకి ఆనించి ఇంటికెళ్ళిపోయారు. మేకులమ్మ మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. ఎందుకంటే ఆమెకి ఆగడం రాదు, మలుపు తిరగడం అంతకన్నా రాదు. ఎక్కిందంటే నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకోవడమే. అయినా నీ ఉపాయం పనిచేసింది. దూరంగా మసీదు మినార్ చూస్తూ తొక్కుతోంది.

వచ్చేవారం షెడ్డు రోడ్డు మీద ఒకసారి ఉత్తినే వెళ్ళొస్తాం, అలవాటు కోసం. దువా చెయ్యి.

ఇజ్జా


దాఖ్లా,
15 డిసెంబరు 2016

అక్కకి,

నా భార్య ఎక్కడికి వెళ్తుందో నా అక్కకి తెలుసు, బీహికి తెలుసు, బస్టాండులో టీ అమ్మేవాడికి తెలుసు. నాకు తెలియకూడదు. బాగుంది.

ఇక్కడ ఇంకో పొయ్యి లేదు. ఉన్న ఒక్క పొయ్యి మీదే సార్డీన్ చేపలు కాల్చుకుని తింటున్నాను. నమ్మితే నమ్ము.

తూదాతో ఇలా చెప్పు. ఆమెకి వెళ్ళిపోవాలని ఉంటే నేను అడ్డుపడను. కాజీ ముందుకి రమ్మంటే వస్తాను. నాలాంటివాడితో ఆమెకి ఇకమీదట ఏం సుఖం ఉందని కట్టేసి ఉంచుతాను? కోపంతో రాయడం లేదు. ఆలోచించే రాస్తున్నాను.

మీ మేకులమ్మ సంగతులు ఇక రాయకు. ఆమె గోడకి గుద్దుకుంటే నాకేం, మినార్ ఎక్కితే నాకేం?

బెలాయిద్


తరూదాంత్,
27 డిసెంబరు 2016

ఒరేయ్ మూర్ఖుడా,

సలాం కూడా చెప్పబుద్ధి కావడం లేదు. అయినా చెప్తున్నాను, నువ్వు చల్లగా ఉండు.

నీ ఉత్తరం తూదాకి చదివి వినిపించక తప్పలేదు. కాజీ అన్న మాట దగ్గర కాగితం మడవబోయాను. "చదువు వదినా" అంది. చదివాను. అంతా విని, చేతులు తుడుచుకుని, "ఒట్టు తీసి గట్టున పెట్టు. చెప్పెయ్యి" అంది.

సరే విను. మా మేకులమ్మ నీ పెళ్ళామే.

ఆ మూటలో ఉండేది సల్వారు. మైదానం పక్కన బస్టాండు గదిలో మార్చుకుని వచ్చేది. నేర్చుకున్నాక, నువ్వు పండక్కి వచ్చిన రోజు ఊరి దర్వాజాదాకా సైకిల్ మీద ఎదురొచ్చి ఆశ్చర్యపరచాలనుకుంది. అందుకే నా చేత ఒట్టు వేయించింది. గాడిదల కోసం పుట్టిందని నువ్వు రాసినప్పుడు ఆమె వంటింట్లోకి ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు అర్థమైందా? నవ్వడానికి వెళ్ళిందో ఏడవడానికి వెళ్ళిందో నాకు ఈరోజుకీ చెప్పలేదు.

ఇంకా విను. షెడ్డుకి వెళ్ళాం. సోమవారం తెలవారుతుండగా బాబ్ ఎల్ ఖమీస్ దగ్గర తొమ్మిదిమందిమి కలిశాం. చలికి ఊపిరి పొగలా వస్తోంది, అట్లాస్ కొండల మీద మంచు అప్పుడే గులాబీరంగు తిరుగుతోంది. ముందు నేను. నా వెనకే అందరికన్నా నెమ్మదిగా తొక్కే తూదా, ఎందుకంటే గుంపు ఆమె వేగంతోనే పోవాలి. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు. గుంట కనిపిస్తే నేను చెయ్యి కిందకి చూపిస్తాను, వెనకవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చూపిస్తారు. ఆగాలంటే చెయ్యి పైకి. తూదాకి ఒక చెయ్యి వదలడం రాదు, అందుకని "గుంట!" అని అరుస్తుంది. గుంట లేకపోయినా అరుస్తుంది.

కాలవ మలుపు దగ్గర వెనక నుంచి అల్లాల్ పికప్ వచ్చింది. ఆగాగి హారన్ కొడుతూ మా పక్కకి వచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమమ్మా, సర్కస్ ఎక్కడ? పళ్ళు కుళ్ళాక చేరతారా?" అన్నాడు. తూదా రోడ్డు మీది నుంచి కన్ను తిప్పకుండా, "అల్లాల్, పక్కకి తప్పుకో! నాకింకా మలుపు తిరగడం రాదు!" అని అరిచింది. తిట్టలేదు, నిజమే చెప్పింది. ఆమె సైకిల్ నేరుగా వాడి తలుపు మీదకే పోతోంది. వాడు హడలిపోయి బండి మట్టిలోకి దింపేశాడు. ఆమె ఎలా తిరిగిందో ఆమెకే తెలియదు. తిరిగింది. వెనక ఏడుగురు నవ్వు ఆపుకోలేక వంకరటింకరగా వచ్చారు.

వాడు ఊరూరా ఆగి మనుషుల్ని కుక్కుకుంటూ రావాలి కదా. మేమే ముందు చేరాం. షెడ్డు చూసుకునే లల్లా నెజ్మా గేటు దగ్గర టీ తాగుతోంది. వెనకే వచ్చిన అల్లాల్ "వీళ్ళు నా మనుషులు కారు, లోపలికి రానివ్వద్దు" అన్నాడు. ఆవిడ గ్లాసు దించకుండానే, "నాకు కావాల్సింది వేళకి గేటు దగ్గరున్న చేతులు. కాళ్ళెలా వచ్చాయో నాకెందుకు?" అని గేటు తీసింది. అంతే రా. ఇన్నాళ్ళు మేము భయపడింది అల్లాల్ అన్న ఆ ఒక్క మాటకే.

మానేసిన ఇద్దరూ ఆ సాయంత్రమే తిరిగొచ్చారు.

ఇప్పుడు నువ్వు జవాబు చెప్పాలి. తూదా అడగమన్న ప్రశ్న ఒక్కటే. "నాలాంటివాడు" అంటే ఎలాంటివాడు?

నీ అక్క,
ఇజ్జా


దాఖ్లా,
11 జనవరి 2017

అక్కా,

ఈ ఉత్తరం తూదాకి చదవకు.

ముందు మేకులమ్మకి నా క్షమాపణ. నా భార్యని నేనే గాడిదలకి రాసిచ్చాను. బీహికి చెప్తే స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చెవులు మాత్రమే పోయాయని మీరనుకుంటున్నారు. 2015 వేసవి నుంచి ఒళ్ళు నిలవడం లేదు. చెవి లోపల ఇంకేదో కూడా దెబ్బతిందట, మనిషిని నిలబెట్టేది అదేనట. డాక్టర్ బొమ్మ గీసి చూపించాడు. మందు లేదన్నాడు, అలవాటు పడాలన్నాడు. నడుస్తుంటే నేల పక్కకి జారుతుంది. తల తిప్పితే గోడలు తిరుగుతాయి. తమాషా ఏంటంటే పడవ ఎక్కితే బాగానే ఉంటాను, అక్కడ అందరూ తూలుతారు కాబట్టి. నేల మీదే నడవలేను.

చేపల బజారులో ఐసు పెట్టెల మీద పడిపోయాను. "పొద్దున్నే మొదలెట్టాడు" అన్నారు. పెదాలు చదవడం వచ్చినవాడికి అదొక శిక్ష, అక్కా. మసీదులో నుదురు నేలకి ఆనించి సజ్దా చేసి లేస్తూ పక్కవాడి భుజం పట్టుకున్నాను. తర్వాతి శుక్రవారం ఆయన వేరే వరసలో నిలబడ్డాడు. ఆయనకి వివరించబోయాను, నా గొంతు ఎంత పెద్దగా వస్తోందో నాకే తెలియక ఆపేశాను.

పండక్కి వచ్చి అసరాగ్ చౌకులో నడిస్తే ఏమౌతుందో ఆలోచించు. గొర్రెని పట్టుకోలేను. కత్తి అసలే పట్టుకోలేను. బెలాయిద్ తాగుడు మరిగాడంటారు. తూదా బావి దగ్గరా పొయ్యి దగ్గరా తల దించుకోవాలి. దానికంటే ఇంకో పొయ్యి ఉందనుకోవడమే ఆమెకి తేలిక అనుకున్నాను. అనుకోలేదు, నువ్వు రాశాక అనిపించింది.

రోడ్డు మీద అంతమందిని నడిపించావు. నాన్న ఉంటే పొంగిపోయేవాడు.

బెలాయిద్


తరూదాంత్,
24 జనవరి 2017

నా చిన్ని తమ్ముడికి,

తూదాకి చదవకు అన్నావు. చదవలేదు. నోటితో చెప్పాను.

తిట్టుకోకు. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని నేను గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే తూదా పని నుంచి వచ్చింది. సైకిల్ గోడకి కూడా ఆనించకుండా వదిలేసింది, అది ధబ్బున పడింది. "చచ్చిపోయాడా?" అంది. ఇంకేం దాచను?

అంతా విన్నది. తర్వాత కోపం వచ్చింది చూడూ! ఆమెకి అంత కోపం ఉందని నాకు ఇన్నేళ్ళలో తెలియదు. "తూలితే తూలుతున్నానని చెప్పాలి కదా వదినా! ఎవత్తో ఉందని నేను రెండేళ్ళు ఏడ్చాను! దానికి పేరు కూడా పెట్టాను, రబ్హా అని! సన్నగా, పొడుగ్గా, బంగారు పన్నుతో... రోజూ రొట్టె పిసుకుతూ దాన్ని పిసికాను! లేని దానికోసం నా చేతులు అరిగిపోయాయి!" అంది. అంటూనే నవ్వింది, నవ్వుతూనే కూలబడి ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యేస్తే తోసేసింది. ఆ తోపు నీకు చెందాలి, దాచి ఉంచాను.

తర్వాత ముఖం కడుక్కుని ఈ కబురు చెప్పింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం నాది కాదు:

"రమ్మను. తూలుతూ రమ్మను. ఊళ్ళోవాళ్ళకి నేను చెప్పుకుంటాను. నేను సైకిల్ మీంచి ఎన్నిసార్లు పడ్డానో సగం ఊరు చూసింది, ఎవరూ నన్ను తాగానని అనలేదు."

ఇక నా మాట. మా సైకిళ్ళు ఇప్పుడు ఇరవై దాటాయి, వారానికి రెండు పాడవుతున్నాయి. బాగుచేసే దిక్కు లేదు. బల్ల ముందు కూర్చుని చేసే పని. గోడ పట్టుకోవడానికి ఈ ఊళ్ళో గోడలకి కరువా, ఊరి చుట్టూ కోటే ఉంది. మార్చిలో నేను అగాదీర్ వెళ్ళాలి, అక్కడ మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. నేను లేనప్పుడు వీళ్ళకి తోడు కావాలి.

బీహితో మాట్లాడాను. లారీలో ముందు సీటు నీకే. చేపలతో కూర్చోబెట్టనన్నాడు.

నీ అక్క


తరూదాంత్,
19 మార్చి 2017

అక్కకి, నీ ఒళ్ళో ఉన్న కొత్త మనిషికి,

ఆడపిల్ల అని బీహి చెప్పాడు. గొంతు నీలాగే ఉందట. అయితే నాకూ వినిపిస్తుందేమో చూద్దాం.

నువ్వు లేకుండా బండి ఎలా నడుస్తోందని అడిగావు. నడుస్తోంది. రోజూ తెల్లారగానే గుంపుకి ముందు తూదా వెళ్తోంది. మలుపులు తిరుగుతోంది, ఒక చెయ్యి వదులుతోంది. గుంట ఉంటేనే చూపిస్తోంది. శుక్రవారాలు ఉత్తినే షికారు వెళ్తున్నాం, ఈసారి ఊళ్ళో పుట్టినవాళ్ళు కూడా వచ్చారు, కోట గోడ చుట్టూ ఒక చుట్టు. కెల్తూమ్ చెయ్యి అతికింది. మొదటిసారి గుంపులో తొక్కింది. నేను మూడుచక్రాల బండి ఒకటి అతికించుకున్నాను. వెనక పనిముట్లూ నీళ్ళూ పెట్టుకుని అందరికన్నా చివర వస్తాను. హారన్లు నాకు వినబడవు. అందుకని ముందు ఏం జరిగినా చేతులు వరసగా లేచి నాదాకా వస్తాయి. ఆ వరస చూడటం బాగుంటుంది. చెవులున్నవాళ్ళకి అది అంత బాగుంటుందో లేదో నాకు తెలియదు.

వచ్చిన కొత్తలో సంగతులు నీకు తెలిసినవే. నాలుగురోజులు గది దాటలేదు. తూదా నన్నేమీ అనలేదు, నువ్వు దాచానన్న ఆ తోపు మాత్రం తనే తోసింది. తర్వాత చెయ్యి పట్టుకుని అసరాగ్ దాకా నడిపించింది. కొందరు చూశారు. చూడనీ అంది.

నిన్నటి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. మైదానంలో అందరూ వెళ్ళిపోయాక, బాగుచేసిన సైకిల్ ఒకటి సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఎక్కాను. అబద్ధం. ఎక్కాలనిపించి ఎక్కాను. చిన్నప్పుడు ఈ మైదానంలోనే చేతులు వదిలేసి తొక్కినవాణ్ణి. తూదా ఏమీ అడగకుండా వచ్చి సీటు వెనక పట్టుకుంది. కొంతదూరం వెళ్ళాం. కోట గోడ మీది కొంగనే చూస్తూ తొక్కుతున్నాను. ఆ కొంగ కాస్తా ఎగిరిపోయింది. నా కన్ను దానివెంట పోయింది, నేల జారింది, నేనూ సైకిలూ తూదా ముగ్గురం కలిసి పడ్డాం.

బస్టాండు దగ్గర బెంచీల మీద ముసలివాళ్ళు ఉంటారు కదా. ఒకాయన లేచి చేతికర్ర ఊపుతూ వచ్చాడు. నేను ఆయన పెదాలు చదివాను. చదవకుండా ఉండలేకపోయాను.

"తాగాడా?" అన్నాడు.

తూదా దుమ్ము దులుపుకుంటూ లేచింది. ముఖం ఆయన వైపే ఉన్నా, నాకు కనిపించేలా కొంచెం ఇటు తిప్పింది. ప్రతి మాటా స్పష్టంగా చదివాను.

"లేదు తాతా. నేర్చుకుంటున్నాడు."

ఆయన కర్ర చంకలో పెట్టుకుని, వంగి, సైకిల్ లేపి నా చేతికిచ్చాడు. "అయితే సీటు దించు" అన్నాడు.

దించాను.

మీ అందరికీ సలాం. పాప చెవులు జాగ్రత్తగా చూసుకోండి.

నీ తమ్ముడు,
బెలాయిద్